గట్టు మీది జెముళ్లు, మిద్దె మీది కుండీలు

మా వీరపునాయునిపల్లె చుట్టూ ఉన్న గట్ల మీద సహజంగా పుట్టిన కాక్టస్ ఒక్కటీ లేదు. ఈ మాట చెబితే బడిలో పిల్లలు నమ్మరు. నాగజెముడు లేని ఊరుంటుందా సార్ అంటారు. కాక్టస్ కుటుంబంలో సుమారు 1,800 జాతులున్నాయి. దాదాపు అన్నీ అమెరికా ఖండాల్లో పుట్టినవే. రిప్సాలిస్ అనే ఒక్కటి మాత్రం ఆఫ్రికాలో, శ్రీలంకలో కూడా తనంత తాను పెరుగుతుంది. మన నాగజెముడు ఓడలెక్కి వచ్చింది. మన నేల సొంత ఎడారి మొక్కలు వేరే ఉన్నాయి. బొమ్మజెముడు, ఆకుజెముడు, తీగజెముడు, నల్లేరు, అన్నిటికన్నా నాకు ఇష్టమైన కుందేటికొమ్ములు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. బడి విడిచిన తరువాత, సెలవు రోజుల్లో, వీటిని వెతికి గుర్తుపట్టడం, మిద్దె మీద పెంచడం, అడిగినవాళ్లకు కొమ్మముక్కలు ఇవ్వడం నా పని.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఇందులో ఏ వైపు బయలుదేరినా దారి పొడుగునా నల్లరేగడి చేలు, వాటి వెనక నాపరాతి గట్లు. మా కడప జిల్లాలో ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. లెక్కకు అది ఎడారి కాదు. కానీ ఆ వాన కొంత నైరుతిలో, కొంత తుఫాన్లతో ఈశాన్యంలో విడతలుగా వస్తుంది. గట్టు మీద పడిన నీళ్లు బండల మీద నుంచి జారి ఆ పూటే వంకలో కలిసిపోతాయి. కింద చేను పచ్చగా ఉన్నప్పుడు కూడా పైన పరుపుబండ ఎడారే. అక్కడ బతకాలంటే మొక్క తన నీళ్లు తన కాండంలోనే దాచుకోవాలి. ఇలాంటి చోటును రెవెన్యూ కాగితాల్లో బీడు అని రాస్తారు. లోకం నుంచి పోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ దొరికింది మన కడప జిల్లా కంపల్లోనే. బీడు అన్న మాట రాసే ముందు అది గుర్తు చేసుకోవాలి.

గుర్తుపట్టడం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు నేను ముందు ముల్లు చూడమంటాను. నాగజెముడు ముళ్లు నూగుతో నిండిన ఒక చిన్న మెత్త నుంచి గుత్తిగా వస్తాయి. ఆ మెత్త ఉంటేనే కాక్టస్. బొమ్మజెముడుకు ముళ్లు జతలు జతలుగా, కాండం అంచుల వెంబడి ఉంటాయి. తరువాత కొస గిల్లి చూడాలి. ఇలాంటి జతముళ్ల దళసరి కాండం నుంచి తెల్లటి పాలు కారితే అది యుఫోర్బియా, అంటే మన జెముళ్ల కుటుంబం. ఆ పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. అందుకే పిల్లల చేత గిల్లించను, నేనే గిల్లి చూపిస్తాను. పొరపాటున పడితే చాలాసేపు నీళ్లు ధారగా పోసి కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

బొమ్మజెముడు కాండానికి ఎక్కువగా మూడు పలకలుంటాయి, నడుమ నడుమ గణుపు పడినట్టు నొక్కుకుపోయి ఉంటుంది. ఆకుజెముడు కొమ్మలు గుండ్రంగా ఉంటాయి, వానాకాలంలో కొసన దళసరి ఆకులు వేస్తుంది. వేలిలావు పచ్చటి పుల్లలతో గుబురుగా పెరిగే కాడజెముడు మాత్రం ఆఫ్రికా మొక్క. కంచెల కోసం నాటితే మనదైపోయింది. దాన్నీ తీగజెముడునూ కలిపి ఒకటే అనుకునేవాళ్లు చానామంది. రెండిటికీ ఆకులుండవు, రెండిటికీ పాలే. అయితే తీగజెముడు బండల మీద పాకుతుంది, అయిదు రేకుల తెల్లటి పూలు గుత్తులుగా పూస్తుంది. పువ్వు చూసిన తరువాత అనుమానం ఉండదు. పువ్వు చూడకుండా పేరు రాయకూడదని నా నియమం. అనుమానం తీర్చుకోవడానికి గ్యాంబుల్ 1915లో మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పుల్లయ్య గారి ఆంధ్రప్రదేశ్ ఫ్లోరా నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి.

కుందేటికొమ్ముల దగ్గరికి వచ్చేసరికి పుస్తకాల కన్నా గొర్రెలకాపర్లే నాకు గురువులు. శాస్త్రంలో దీని పేరు కారల్లుమా. రాక్స్‌బర్గ్ 1795లో అచ్చువేసిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీని బొమ్మ ఉంది. నాలుగు పలకల కాండం, పాలు ఉండవు, ముళ్లుండవు. అందుకే బయట నిలబడితే గొర్రె బతకనివ్వదు. బలుసు, కలివి, రేగు కంపల మొదట్లో దాక్కుని పెరుగుతుంది. ఒక జాతికి కాండం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఆ సన్నని కొస పొడుగునా చిన్న పూలు వంగి వేలాడతాయి. ఇంకో జాతి కాండం కొసదాకా మందమే. కొసన ముదురు ఊదారంగు పూలు ఒకే గుత్తిగా వస్తాయి, దగ్గరికి పోతే కుళ్లిన మాంసం కంపు కొడతాయి. ఆ కంపుకు ఈగలు వస్తాయి, వాటి కాళ్లకూ మూతికీ పుప్పొడి ముద్దలు తగులుకుని వేరే పువ్వుకు చేరతాయి. పూతలో లేనప్పుడు ఈ రెంటినీ వేరు చేయడానికి కొస సన్నబడుతుందా లేదా అన్నది చూస్తే చాలు.

ఒక పెద్దాయన కంప కింద చెయ్యి పెట్టి కొమ్ము తుంచుకుంటుంటే అడిగినాను.

"పచ్చిదే తింటారా పెద్దాయనా?"

"తినకేం సార్. గొర్రెల ఎంబడి తిరిగేటప్పుడు దాహమైతే మాకు ఇదే గదా. పలకల నార తీసేసి నమల్తాం. తెల్లారి తింటే పుల్లగుంటాది. పొద్దు నడినెత్తికొచ్చినాక సప్పబడతాది."

ఆయన చెప్పింది నేను పాఠంగా చెప్పే విషయమే. ఈ మొక్కలు పగటి ఎండలో ఆకురంధ్రాలు మూసుకుంటాయి. చల్లబడిన తరువాత రాత్రి తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లారి ఎండ రాగానే రంధ్రాలు మూసి, ఆ ఆమ్లాన్ని ఖర్చుపెట్టి ఆహారం చేసుకుంటాయి. పొద్దెక్కేకొద్దీ పులుపు తగ్గుతుంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న బెంజమిన్ హైనే రణపాల ఆకు నమిలి ఇదే సంగతి గమనించినాడు. ఆయన లేఖ 1815లో లండన్ లినియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. లోకమంతా చదువుకునే ఈ పాఠంలో తొలినాటి సాక్ష్యాల్లో ఒకటి నాలుక మీదనే దొరికింది. ఆ పెద్దాయన మాట విన్నప్పటినుంచి తరగతిలో ఈ పాఠం పొద్దున మొదటి గంటలోనే చెబుతున్నాను. రణపాల ఆకు ఒకటి అప్పుడు నాలుకకు తాకిస్తాను, మరొకటి మధ్యాహ్నం. పిల్లలకు ఇక బోర్డు మీద రాయాల్సిన పని ఉండదు.

నాగజెముడు కథ కూడా చెప్పాలి. ఎర్రరంగు ఇచ్చే కొచినీల్ పురుగు కోసం కంపెనీ ఈ మొక్కను మోజుగా పెంచింది. మద్రాసులో డాక్టరు జేమ్స్ ఆండర్సన్ దీనికోసమే ఒక తోట వేసినాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ రియో డి జనీరో నుంచి కలకత్తాకు పురుగు తెచ్చినాడు గానీ, అది మంచి రంగిచ్చే జాతి కాదు. రంగు వ్యాపారం సాగలేదు. పురుగు మాత్రం ఒక రకం జెముడును తినేసింది. దానికి లొంగని ఇంకో రకం దక్షిణాది పొలాలు, బీళ్లు ఆక్రమించింది. చివరికి 1926లో శ్రీలంక నుంచి వేరే కొచినీల్ జాతిని తెచ్చి వదిలితే కొన్నేళ్లలోనే అదుపులోకి వచ్చింది. ఇప్పటికీ మన దారిపక్క నాగజెముడు మట్టల మీద తెల్లటి నూగు కనపడితే వేలితో నలిపి చూడండి, ఎర్రగా అంటుకుంటుంది. జీవితో జీవిని అదుపు చేయడం గురించి ఇంతకన్నా మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో లేదు.

పెంచడంలో జనం చేసే మొదటి తప్పు ఎండ. ఎడారి మొక్క కదా అని మిద్దె మీద మండే ఎండలో పెడతారు. కంప నీడలో పెరిగిన కుందేటికొమ్ము మే నెల ఎండకు తెల్లబడి వాడిపోతుంది. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు దానికి సరి. బొమ్మజెముడుకైతే ఎంత ఎండైనా ఫర్వాలేదు. కొమ్మముక్కను కోసిన వెంటనే నాటకూడదు. కోసిన చోట గాయం ఆరి పొర కట్టేదాకా, వారం దాకా, నీడలో పడుకోబెట్టాలి. నా మట్టిలో సగం వంక ఇసుకా గరుసూ, మిగిలిన దాంట్లో నాపరాతి చిప్పలు, ఎర్రమట్టి, కొంచెం ఆకుల ఎరువు. లోతు కుండీ అక్కర్లేదు, వెడల్పు మూకుడు చాలు. అడుగున చిల్లి మాత్రం పెద్దదిగా ఉండాలి.

నీళ్లు ఎప్పుడు పోయాలంటే, మట్టి అడుగుదాకా ఎండిన తరువాత. ఎండాకాలం కన్నా నాకు భయం కార్తీకం తుఫాన్లంటే. మూడు రోజులు ముసురు పట్టిందంటే వేరు కుళ్లుతుంది, మొక్క పైకి పచ్చగానే ఉండి మొదట్లో మెత్తబడుతుంది. అప్పుడు మొదలు వదిలేసి, గట్టిగా ఉన్న కొస కోసి ఆరబెట్టి మళ్లీ నాటాలి. పిండినల్లి పడితే వేపనూనె. గింజలతో పెంచాలంటే జంటకొమ్ముల్లా నిలబడే కాయలు పగలకముందే వాటికి పలుచని గుడ్డ కట్టాలి. లేకపోతే పట్టుకుచ్చుతో ఉన్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. తాజా గింజ తడి ఇసుక మీద కొద్ది రోజుల్లోనే మొలుస్తుంది.

నర్సరీల్లో ఎర్రటి, పసుపు బంతితో ఒక కాక్టస్ అమ్ముతారు. పై బంతిలో పత్రహరితం లేదు, కింద అంటుకట్టిన కాండం పెట్టే తిండితో బతుకుతుంది. ఆ కింది కాండం ఎక్కువగా డ్రాగన్ ఫ్రూట్ జాతిదే. కొనుక్కునేవాళ్లను నేను వద్దనను. కానీ అది కొన్నేళ్ల ముచ్చట. గట్టు మీది కుందేటికొమ్ము నేల నచ్చితే మనవళ్ల కాలందాకా ఉంటుంది.

ఇప్పుడు ఈ గట్లకు రెండు వైపుల నుంచి ముప్పు ఉంది. ఒకటి కంకర, నాపరాతి పని. రెండోది, ఆకలిని చంపి బరువు తగ్గిస్తుందని కుందేటికొమ్ముల సారంతో చేసే మాత్రలు. వాటి కోసం వేళ్లతో సహా పెరికి మూటలు కట్టుకుపోతే ఆ కంప కింద మళ్లీ మొలవదు. కాండంలో నీళ్లు దాచుకునే యుఫోర్బియాలు దాదాపు అన్నీ, వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. కుందేటికొమ్ములకు ఆ కాపుదల కూడా లేదు. కాబట్టి మీ ఊరి గట్టు మీద ఈ మొక్క కనపడితే జానెడు కొస మాత్రమే కోసుకోండి, వేరును అక్కడే వదలండి, పువ్వును ఫోటో తీసి ఏ గట్టో ఏ నెలో రాసి మీ ఊరి బడిలో జీవశాస్త్రం టీచరుకు ఇవ్వండి.