బాపు కారును తూకమేస్తారట

పోయిన ఆదివారం మా ఊరు కర్దనూర్ నుంచి తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, పాత సామాన్లాయన వచ్చిండు. బాపు కారును కిలో లెక్కన తీస్కపోతడట. ఏం చెప్పమంటవ్?"

అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇంటిల్లిపాదినీ మోసిన బండిని తరాజులో పెట్టి తూస్తారా?

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ఎదురింటి పెద్దాయన షెడ్డులో ఉన్నాను. మేముండేది డెట్రాయిట్ పక్కన. ఆయన మూడేళ్లుగా 1969 నాటి ఫోర్డ్ కంట్రీ స్క్వైర్‌ను బాగు చేస్తున్నాడు. దాదాపు 18 అడుగుల స్టేషన్ వ్యాగన్. 1950లో ఈ మోడల్ మొదటిసారి వచ్చినప్పుడు పక్కలకు నిజం కర్రే ఉండేది, తర్వాత కర్రలా కనిపించే వినైల్ షీటు అతికించారు. వెనక తలుపు కిందికీ తెరుచుకుంటుంది, పక్కకీ తెరుచుకుంటుంది. లోపల పిల్లల కోసం ఎదురెదురుగా రెండు చిన్న సీట్లు. తుప్పు గీకి, లప్పం పెట్టి, ఎమరీ పేపరుతో రుద్ది, చేత్తో తడిమి చూసి మళ్లీ రుద్దుతాడు. ఆ ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

మినీవ్యాన్లు 1980లలో వచ్చి ఈ బండ్లను వెనక్కి నెట్టేశాయి. కంట్రీ స్క్వైర్ 1991లో ఆగిపోయింది. అయినా దాని తలుపు బీడింగ్ ఇవాళ్టికీ కొత్తది తయారై ఇంటికొస్తుంది. ఆగస్టు మూడో శనివారం ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995 నుంచీ నడుస్తున్న పండుగ అది. రోడ్డు పక్కన కుర్చీలేసుకుని జనం పొద్దంతా చూస్తారు. అక్కడ ఏ బండినీ కిలో ఎంతని అడిగేవాడు లేడు.

మనకు మాత్రం ఇలాంటి బండి లేదా? హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ ఎస్టేట్ చేసింది. అదే ముక్కు, అదే గుండ్రటి భుజాలు, వెనక మాత్రం పొడుగ్గా సాగిన కప్పు. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీ పాత బండ్లు వేలం వేస్తే 1988లో బాపు దాన్ని కొన్నాడు. మనోళ్లకు పాతవి కాపాడుకునే గుణం లేదని ఇక్కడ ఎవరన్నా అంటే నేను ఊరుకోను. పెద్దాయన ఒక బుష్ కోసం పది రోజులు పార్సిల్ దారి చూశాడు. పటాన్‌చెరులో అయితే అరిగిపోయిన ముక్కను లేత్ దుకాణంలో చూపిస్తే సాయంత్రానికల్లా కొత్తది చేతిలో పెట్టేవాళ్లు. పనితనానికి మన దగ్గర కొదవ లేదు. ఆ చేతులకు పని ఇవ్వకుండా కిలోకు ఎంతని అడుగుతున్నాం. అదీ నా బాధ. 15 ఏళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, చేయిస్తే అయిదేళ్లకే. బాపు ఉన్నన్నాళ్లూ తప్పకుండా చేయించాడు. ఆయన పోయాక ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఎవరిలో మొదటివాణ్ని నేనే.

కంట్రీ స్క్వైర్ వెనక సీట్లో కూర్చుంటే నాకు ఝరాసంగం దారి గుర్తొస్తుంది. శివరాత్రికి కేతకీ సంగమేశ్వరుని దర్శనానికి తెల్లవారక ముందే బయల్దేరేవాళ్లం. ముందు బాపు, పెదనాయన, నడిమిట్ల నానమ్మ. వెనక బియ్యం మూట, గిన్నెలు, వాటి మధ్య మేం ఆరుగురు పిల్లలం. సంగారెడ్డి దాటేసరికి తెల్లారేది. సదాశివపేట దగ్గర ఆపి బాపు రేడియేటర్లో నీళ్లు పోసేవాడు. జహీరాబాద్ రాగానే చెరుకు బండ్లు ఎదురయ్యేవి. తిరుగు ప్రయాణంలో అందరం నిద్రపోయేవాళ్లం. బాపు ఒక్కడే మేలుకుని నడిపేవాడు. ఆ కారుకు తూకం ఎంతొస్తుందో నాకు తెలియదు, తెలుసుకోను కూడా.

నా మొహం చూసి పెద్దాయన సంగతి అడిగాడు. చెప్పాను. గుడ్డతో చేతులు తుడుచుకుని ఒక కాగితం మీద రాసిచ్చాడు. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పండి. సిలిండర్లలో కొంచెం నూనె పోసి వారం ఉంచండి. ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడండి. అప్పటిదాకా సెల్ఫ్ కొట్టకండి.

ఆ రాత్రే తమ్ముడికి చదివి వినిపించాను. "పాత సామాన్లాయనను పొమ్మన్న అన్నా," అన్నాడు వాడు. "గనీ డోర్ లాక్ ఉంది. తాళంచెవి యాడుందో అని ఎతుకుతుంటే అమ్మ బొడ్డుసంచిల నుంచి తీసిచ్చింది."