నాలుగే మిగిలిన డేగలు

మా సంఘంలోని ఒక రైతు కుమారుడు పైచదువుల నిమిత్తం మారిషస్ వెళ్లాడు. హిందూ మహాసముద్రంలోని ఆ దీవి మనకు మరీ పరాయిది కాదు. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి కోరంగి రేవు నుండి ఓడలెక్కిన మనవారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఉగాదికి ఆ దేశమంతటా సెలవు. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు ఆ అబ్బాయి తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చి, తాను చూసిన జీవులను గూర్చి పొద్దుపోయే వరకు చెప్పాడు.

మహేబూర్ పట్టణం దగ్గర సముద్రంలో 26 హెక్టార్ల చిన్న లంక ఒకటి ఉన్నదట. మన లెక్కలో 64 ఎకరాలు. అక్కడ గులాబీ రంగు పావురాలను చూశాడు. 1990 నాటికి అడవిలో అవి పది వరకే మిగిలాయి. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. పెద్ద తాబేళ్లనూ చూశాడు. ఆ దేశపు సొంత తాబేళ్లు ఏనాడో నశించాయి. అవి పోవడంతో, మన తునికి జాతికి చెందిన నల్లచేవ చెట్ల పండ్లు తిని గింజలను దూరంగా చేర్చే జీవి లేకపోయింది. అందుకని 2000లో అల్దాబ్రా జాతి తాబేళ్లను తెచ్చి వదిలారు. నేడు వాటి పేడలో నుండి మొక్కలు లేస్తున్నాయి.

తండ్రి అంతా విని, "సరేగానీ, నాలుగు పిట్టలు పోతే మనకేం నష్టంరా?" అన్నాడు.

"నాయనా, నిజంగా నాలుగే మిగిలిన పిట్ట సంగతి చెబుతాను విను" అన్నాడు కొడుకు.

అది మారిషస్ డేగ. కొండ సొరంగాల్లో గూడు పెట్టి, బల్లులను పట్టి తినే చిన్న పక్షి. అడవులు నరికివేయడం, పైదేశాల నుండి తెచ్చిన కోతులు, ముంగిసలు గూళ్లమీద పడడం ఒక ఎత్తు. 1950, 60 దశాబ్దాలలో మలేరియాకూ పంటలకూ చల్లిన డీడీటీ మరో ఎత్తు. 1974 నాటికి అడవిలో తెలిసినవి నాలుగే. వాటిలో గుడ్లు పెట్టే ఆడది ఒక్కటే.

1979లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ యువకుడు అక్కడికి వెళ్లాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఆ పక్షి బ్రతకదని, పని ముగించి రమ్మని పెద్దలు ఆయనను పంపారు. ఆయన ముగించలేదు. గూటిలోని తొలి గుడ్లు తీసి వేడి పెట్టెలో పొదిగించాడు. తల్లి మళ్లీ గుడ్లు పెట్టింది. అడవిలోని పక్షులకు అదనంగా మేత పెట్టాడు. గూళ్లకు పెట్టెలు కట్టాడు. 1994లో పెంచి వదిలే పని ఆపేనాటికి మూడు వందలకు పైగా పక్షులు అడవికి చేరాయి.

తండ్రి కాసేపు మాట్లాడలేదు. "మన చేలో కొట్టే మందు కూడా అలాగే పోతుందా?" అని అడిగాడు.

"డీడీటీని మన దేశంలో పొలాలకు వాడరాదని 1989లోనే నిషేధించారు నాయనా. కానీ ఏ మందైనా చేను గట్టు దగ్గర ఆగదు" అన్నాడు అబ్బాయి.

ఆ నెలలోనే మా సంఘ పెద్దలు ఒక మాట నా ముందు పెట్టారు. అవతలి పల్లెలో మేము నడిపే సాయంకాలపు బడికి ఏడుగురు పిల్లలే వస్తున్నారు, మూసివేద్దామన్నారు. ఖర్చు విషయంలో వారి మాట అబద్ధం కాదు. నేను వారికి ఈ డేగ సంగతి చెప్పాను. తోటను సేద్యపరచి కాయుమని ఆదామును ఉంచిన దేవుడు, ఎన్ని మొక్కలుంటే కాయాలో లెక్క చెప్పలేదు గదా అన్నాను. ఒక సంవత్సరం చూద్దామని ఒప్పుకున్నారు. ఇప్పుడు బడికి తొమ్మండుగురు వస్తున్నారు.

అయితే ఒక మాట. ఆ డేగల సంఖ్య తరువాత మళ్లీ తగ్గింది. 2014లో దానిని తిరిగి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చారు. ఒకసారి నిలబెట్టినంత మాత్రాన కాపలా తీరిపోదు. మీ ఇంటిలో, మీ ఊరిలో ఇక లాభం లేదని వదిలేసినది ఏదైనా ఉంటే, మరొక్క సంవత్సరం దాని దగ్గర కూర్చోండి.