మూడవ నాటి తూకం

ఇంటికి తెచ్చిన పసికందు తూకం తగ్గిందంటే ఏ తల్లికైనా దిగులే. గత ఫిబ్రవరిలో, మా నందిపేట్‌లో పసుపు ఉడకబెట్టే రోజుల్లో, దేవుడు మా అమ్మాయికి ఆడబిడ్డను అనుగ్రహించాడు. ఆసుపత్రిలో తూచినప్పుడు 2 కిలోల 900 గ్రాములు. మూడవ రోజున ఆశా కార్యకర్త వచ్చి, పాప బట్టలు విప్పి, గుడ్డ ఉయ్యాలలో పడుకోబెట్టి, త్రాసు కొక్కేనికి తగిలిస్తే 2 కిలోల 650.

"తల్లిపాలు చాలుతలేవు, బర్రెపాలు పట్టుండ్రి" అన్నది మా అవ్వ. ఆరుగురిని పెంచిన మనిషి, ఆమె మాట తీసివేయలేము.

"పచ్చి పసుపు ఎండితే తూకం తగ్గదా అవ్వా? ఇది కూడా నీరు పోవడమే" అన్నది ఆశా కార్యకర్త. ఈ పోలిక సగమే సరి అని మాకనిపించింది. ఎండిన పసుపు మళ్లీ పెరగదు, పాప పెరిగి తీరాలి. నెలలు నిండి పుట్టిన బిడ్డ మొదటి కొన్ని రోజుల్లో నూటికి 10 పాళ్ల వరకు తగ్గవచ్చు. అది దాటితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపాలి. మా పాపకు ఆ హద్దు 290 గ్రాములు, తగ్గినది 250. హద్దుకు దగ్గరే గనుక ఆమె తూచి వెళ్లిపోలేదు. పాలిచ్చేటప్పుడు ప్రక్కన కూర్చొని చూసింది. పాప చనుమొన కొసనే పట్టుకుంటున్నది! నోరు పెద్దగా తెరిచాక, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా లోపలికి పోయేటట్టు పట్టించింది. రాత్రింబగళ్లు కలిపి 8 నుండి 12 సార్లు పాలివ్వాలన్నది. తేనె, చక్కెర నీళ్లు, డబ్బాపాలు వద్దన్నది. అయిదవ రోజు నుండి పాప రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయాలట. ఆ లెక్క అవ్వకే అప్పగించాము. ఆమె గోడమీద బొగ్గుతో గీతలు పెట్టింది.

అయిదవ రోజున అదే త్రాసుతో మళ్లీ తూచారు, 2 కిలోల 680. త్రాసు మారితే తూకం మారుతుందని పసుపు అమ్ముకునే మనకు వేరే చెప్పాలా?

పల్లె స్త్రీల చేతికి ఈ త్రాసు ఊరికే రాలేదు. మన ప్రక్కనున్న మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. ఆ గ్రామాల్లో నెలలోపు శిశుమరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 2011 నుండి దేశమంతటా ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బాలింత ఇంటికి వస్తున్నారు.

రెండు వారాలకు పుట్టిన తూకం తిరిగి రావాలి, రాకపోతే ఆసుపత్రికి వెళ్లవలసిందే. పదునాలుగవ రోజున ముల్లు 2 కిలోల 950 దగ్గర నిలిచింది. అవ్వ మా మాట నమ్మక, కళ్లజోడు తెప్పించుకొని తానే చూసింది.