జాలరిపేటలో పక్షవాతం, దాని వెనుక మతిమరుపు

విశాఖపట్నం బీచిరోడ్డుకు ఆనుకొని ఉన్న పెద జాలరిపేటను ఉదయం పూట సందర్శించేవారికి, ఒడ్డుకు లాగిన పడవల నీడన వలలు బాగుచేసుకొనే వృద్ధులు కనిపిస్తారు. చిరిగిన వలకన్నును వేలితో సాగదీసి, దారం చుట్టిన కర్రను అందులోంచి దూర్చి, ముడి బిగించి, చూడకుండానే తరువాతి కన్నుకు సాగిపోయే ఆ చేతులను గమనిస్తే, అటువంటి మనిషికి డెమెన్షియా, అంటే రోజువారీ జీవితం కుంటుపడేంతగా బుద్ధి సన్నగిల్లే స్థితి, ఉండవచ్చునన్న అనుమానమే రాదు. అయితే చిన్ననాడు అలవడిన చేతిపని చాలాకాలం నిలుస్తుంది. రక్తనాళాలు దెబ్బతినడం వలన వచ్చే డెమెన్షియాలో తరచు ముందుగా తగ్గేవి ఆలోచనలోని వేగం, పనులను వరుసలో పెట్టుకొనే నేర్పు. కనుక మనవడి పేరు మరచిపోవడం కంటే చేపల వేలంపాట ముగిశాక డబ్బు లెక్క తేలకపోవడమే ముందు సూచన కావచ్చు.

పక్షవాతమంటే మెదడుకు రక్తం చేర్చే నాళం మూసుకుపోవడమో పగిలిపోవడమో. కాలూ చెయ్యీ పడిపోతేనే ఇంటివారు దానిని జబ్బుగా లెక్కిస్తారు గాని, ఏ అంగమూ పడిపోకుండా మెదడు లోతుల్లో జరిగే చిన్న దెబ్బలు కూడా పేరుకుపోయి బుద్ధిని కుంగదీస్తాయి. పలు దెబ్బల వలన వచ్చే ఈ డెమెన్షియాను హచిన్‌స్కీ, ఆయన సహచరులు 1974లో విడిగా వర్ణించారు. పెండిల్‌బరీ, రాత్‌వెల్ 2009లో పాత అధ్యయనాలను క్రోడీకరించగా, సుమారు 10 శాతం రోగులకు తొలి పక్షవాతానికి ముందే డెమెన్షియా ఉన్నదనీ, మరో 10 శాతానికి తొలి దెబ్బ తరువాత కొత్తగా వచ్చిందనీ, దెబ్బ మళ్ళీ తగిలినవారిలో మూడోవంతుకు మించి దాని పాలైనారనీ తేలింది. రెండవ దెబ్బను ఆపడమే అసలు వైద్యమనిపించేది ఇందుకే.

తెలుగునాట ఈ విషయంపై జరిగిన గట్టి పరిశోధన హైదరాబాదులోని నిమ్స్‌ది. అక్కడి సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతానికీ, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతానికీ బుద్ధిశక్తి చెక్కుచెదరలేదు. అదే బృందం 2013లో ప్రకటించిన వేరొక అధ్యయనంలో, డెమెన్షియా ఆలస్యంగా రావడమనే మేలు బడి చదువు లేని బహుభాషులలోనూ కనిపించింది. వేటకు పరరాష్ట్రాల రేవులకు వెళ్ళి అక్కడి మాట నేర్చినవారికి ఇది పనికివచ్చే విషయమే, అయితే పక్షవాతానికి ముఖ్య కారణమైన అధిక రక్తపోటుకు వేసే మాత్రకు మాత్రం భాష బదులు కాదు.

ఆ రక్తపోటును పెంచేవాటిలో ఉప్పు ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు చాలంటున్నది, ఉప్పుచేప తరచుగా తినే ఇంట ఆ హద్దు సులభంగా దాటిపోతుంది. ఇక పక్షవాతం వచ్చినప్పుడు, గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపే ఇవ్వవలసి ఉన్నందున, మూతి వంకరపోయినా మాట తడబడినా తెల్లవారేదాకా వేచి చూడరాదు. దీర్ఘకాలపు చిక్కు వేరు: మాత్ర వేసుకొనే సంగతినే రోగి మరచిపోతాడు, చేపల గంపతో ఆడవారు చీకటితోనే బయలుదేరే ఇంట ఉదయపు మాత్ర అందించేవారుండరు. అటువంటప్పుడు రోజుకొకసారి వేసుకొనే మందునే, ఇంట్లో మనిషి ఉండే సాయంత్రపు వేళకు మార్చవచ్చునేమో వైద్యుని అడగాలి.