తల్లికెవరు నేర్పుదురు?

భారతమున ఆదిపర్వమందలి మాండవ్యుని కథ మనలో పెక్కండ్రు చదివినదే. చేయని దొంగతనమునకు కొఱతనెక్కిన యా ముని, పసితనమున చిన్నప్రాణులను గ్రుచ్చి బాధించిన ఫలమే యిది యని యముడు చెప్పగా కోపించి, పదునాలుగేండ్లలోపు పిల్లల చేతలకు పాపమంటకుండునట్లు కట్టడి చేసెను. మా తండ్రిగారు చెప్పిన నాటినుండి నేను మాండవ్యుని పక్షమే. కాని నిరుడు మా మొగుడంపల్లిలో, నా వాకిటనే, యముని పక్షము వహించితిని.

చెఱకు తోటలకు కూలికి పోవు నొక తల్లికి కూతురు గలదు. ఆ పిల్ల దొంగతనపు నింద మోసి, బాలల న్యాయమండలి యెదుట నిలిచి, కొన్ని వారములు బాలికల సదనమున నుండి యిల్లు చేరినది. పేరు చెప్పను, చెప్పరాదని చట్టమును శాసించుచున్నది. ఒకనాడు మజ్జిగకై వచ్చినది. నేను లోనికి పోవుచు, అరుగుపైనున్న ఇత్తడి చెంబునుగూడ చేతబట్టుకొని పోయితిని. ఆ పిల్ల చూచినది. మాటాడలేదు. తల వంచుకొని మెల్లగా నూపిరి పీల్చుచు, విడుచుచు, లెక్కించుకొనుచుండెను. భయమో కోపమో పొంగినప్పుడు దానివెంట పరుగిడక శ్వాసను గమనించుమని సదనమున నొకామె నేర్పినదట.

ఆ సాయంకాలము సిగ్గుతో వారింటికి పోతిని. తల్లి బిడ్డపై కేకలు వేయుచున్నది. మండలికి తిరిగిన దినములెల్ల కూలి పోయినది. అప్పును, వాడకట్టు మాటలును మిగిలినవి. నన్ను చూచి కన్నీరు పెట్టుకొని, "బిడ్డకు నేర్పిన్రమ్మా, నాకెవ్వరు నేర్పుతరు?" అన్నది.

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనీయలేదు. మావారు చట్టపు ప్రతి తెచ్చియిచ్చిరి. 2015 నాటి బాలల న్యాయచట్టము 18వ సెక్షనులో, బిడ్డను మందలించి యింటికి పంపునప్పుడు తల్లిదండ్రులకును హితబోధ జరుగవలెనని కలదు. 53వ సెక్షను సదనములందు మానసికారోగ్య సహాయము నుండవలెననుచున్నది. 2016లో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఆదర్శనియమములలో ధ్యానముగూడ కలదు; కాని యెచ్చట? ఆటలు, సంగీతము, టెలివిజను, విహారయాత్రల సరసన, వినోదముల పట్టికలో! మనస్సును నిలుపుకొనుట బొమ్మలాట వంటిదా?

ధనమునకు మార్గము లేకపోలేదు. మిషన్ వాత్సల్య పథకపు వ్యయములో మనబోటి రాష్ట్రములకు కేంద్రము నూటికి 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించును. ఇంటనుండు అర్హులగు పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయమును అందులో కలదు. ఆ పద్దుననే, శిక్షణ పొందిన యొక స్త్రీకి జీతమిచ్చి, బిడ్డ యిల్లు చేరిన పిదప కొన్ని నెలలపాటు, కూలి ముగిసిన వేళ, తల్లీబిడ్డల కడకు పంపరాదా? దాత దయ తలచిన నాడు ఉండి, తలపని నాడు ఉడుగు పని కాదిది.

"కూడు లేని యింట ధ్యానమేల?" యని మీరడుగవచ్చును. నిజమే. శ్వాసను లెక్కించినంత మాత్రమున కూలి తిరిగిరాదు, వకీలు దొరకడు. మండలికి పోయిన దినములకు దారిబత్తెమును, కూలియు ముందీయవలెను. న్యాయమైన కోపము నణచుటకు దీనిని వాడరాదు. దెబ్బతిన్న పిల్లలకు కనులు మూసికొన్నచో పాత భయమే కానవచ్చును. కావున కనులు తెఱచియుండుటకును, వలదనుటకును స్వేచ్ఛ యుండవలెను. 1994లో ఢిల్లీలోని తీహారు కారాగారమున వేయిమందికి మించిన ఖైదీలు పదిదినములు మౌనముతో విపశ్యన సాధన చేసిరి. ఆ కఠిననియమము పెద్దలకు చెల్లును గాని, ఈ పిల్లలకు తగదు.

ఇప్పుడా యిత్తడి చెంబు అరుగుపైననే యుండును. దానితోనే మజ్జిగ యిచ్చుచున్నాను. కొన్ని సాయంకాలములు ఆ పిల్ల తల్లికిని నాకును ఊపిరి లెక్క నేర్పుచున్నది. బిడ్డ తల్లికి గురువగుట చూడ ముచ్చటయే. కాని యా బరువును గూడ బిడ్డ తలపైననే పెట్టిన మనము, మాండవ్యుని కథ చదివి యేమి ఫలము?