సిప్పిఘాటు పక్షులు

ద్వీపవాసమన్నంతనే మా పుట్టినింటివారికి సముద్రమును ఒంటరితనమును మాత్రమే స్ఫురించును. విశాఖపట్టణమున ఓడ యెక్కినచో పోర్టుబ్లేయరు చేరుటకు రెండుదినములు దాటును గనుక వారి బెంగ వింతగాదు. 2024లో ఈ పట్టణమునకు శ్రీవిజయపురమని పేరు మార్చిరి గాని, కూరగాయల యంగడిలో పాతపేరే యింకను వినవచ్చుచున్నది.

ఆదివారములందు మేము పిల్లలతో వెలుపలికి పోవుదుము. ఎదుటనున్న రాసుద్వీపమున దొరలు తెచ్చి విడిచిన చుక్కలజింకల సంతతి పాడుపడిన భవనముల నడుమ మనుష్యులను లెక్కసేయక తిరుగుచుండును. చిడియాటాపులో సూర్యాస్తమయము చూడగోరువారు శీతకాలమున నాలుగున్నరకే ఒడ్డు చేరవలెను. ఇచ్చట ప్రొద్దు అంత త్వరగా క్రుంకును.

అన్నిటికంటె నాకు ప్రియమైనది సిప్పిఘాటు. తొలిసారి మాఘమాసమున పోయితిమి. బాట ప్రక్కనే విశాలమైన నీరు, అందు కొంగలు, ఉల్లంకులు, లకుముకిపిట్టలు. కంటిచుట్టు తెల్లని వలయముగల గోధుమవన్నె బాతులు కొన్ని. ఈ బాతులు అండమానులందును కోకోదీవులందును దప్ప మఱెచ్చటను లేవని మావారు చెప్పిరి. శృంగారనైషధమున హంసను చదువుకొన్నదానను గాని, నీటిపక్షిని ఇంత సేపు నిలిచి చూచినదానను గాను. పిల్లలకన్న ముందుగా నేనే చప్పట్లు చఱచి, పిట్టలనన్నిటిని లేపివేసి, మావారిచేత చీవాట్లు తింటిని.

గట్టుమీద ఆవును మేపుకొనుచున్న ముసలమ్మ నవ్వి, హిందీలో, "అవి లేచినచోటు మా వరిమడి, బేటీ" అనెను.

2004 డిసెంబరు 26వ తేదీ భూకంపమునకు ఈ ప్రాంతము ఇంచుమించు ఒక మీటరు క్రుంగెనట. సునామీ వచ్చి పోవును గదా. నేలయే దిగిపోవుటచే పోటునీరు దినదినమును పొలములలోనికి వచ్చుచుండెను. వరి పోయెను, చెట్లు మోడులయ్యెను. ఉత్తరమున డిగ్లిపూరు వైపున మాత్రము నేల పైకి లేచి, పగడపుదిబ్బలు నీరులేక చచ్చెను. ఒక్క కంపమే ఒకచోట ముంచెను, ఒకచోట ఎత్తెను.

నాకు సిగ్గువేసినది. ఇంతసేపును నేను చప్పట్లు కొట్టినది ఒక సంసారము మునిగినచోటునకా! ఏమి చెప్పవలెనో తోచక, పక్షులపై కోపము లేదా యని తెలివిమాలి అడిగితిని. ఆమె నీటిలోని మూడు మోడులను చూపి, "అంతవఱకు మాది. మాకు పండనిచోట వానికైనను మేత దొరకుచున్నది" అనెను. ఇంతలో మా చిన్నవాడు నీటియంచునకు దిగబోగా, కేకవేసి చేయిపట్టి లాగెను. మడచెట్ల కాలువలలో మొసళ్లుండును. ఆ సంగతి మాకు తోచనేలేదు.

అది మొదలు అచ్చటికి పోయినప్పుడెల్ల ఆమెకును ఒక పొట్లము కట్టుదును. శ్రావణమున ఒకనాడు గొడుగుక్రింద పులిహోర పంచుకొని తినుచుండగా, మావారు దుర్భిణితో బాతులకై వెదకుచుండిరి. ఆమె వట్టికన్నులతోనే చూచి, "అదిగో, మా గట్టుమూల, తల్లి వెనుక నాలుగు పిల్లలు" అని వ్రేలు చూపెను.