బావ బెల్టు, బావమరిది బ్రేకు

శీతాకాలంలో సంత్రాగాఛి తెల్లవారుజామున రెండు చప్పుళ్లతో నిద్ర లేస్తుంది. స్టేషన్ పక్క చెరువులో ఈలబాతుల గోల ఒకటి. పిట్ లైను మీద నిలిపిన రైలు గాలి వదిలేటప్పుడు వచ్చే బుస రెండోది. ఆ బుస ఆగేదాకా ఆ శ్రీకాకుళం ఫిట్టర్ పెట్టె కింద చెయ్యి పెట్టేవాడు కాదు. బ్రేకు సిలిండర్‌లో గాలి మిగిలి ఉంటే లివర్లు ఎప్పుడు కదులుతాయో చెప్పలేం.

"గాలి తీసేసినారేటి?"

"తీసేసినాం బావా, దిగు."

బావది కరెంటు విభాగం, బావమరిదిది మెకానికల్. బ్రిటిష్ హయాంలో బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఖరగ్‌పూర్ దారిపట్టిన తెలుగువాళ్ల వరసలోనివారే ఇద్దరూ. 2003లో వాల్తేరు డివిజన్ ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వెళ్లినా వీళ్లు బెంగాల్లోనే ఉండిపోయారు.

పాత ఐసీఎఫ్ పెట్టెల్లో లైట్లకు, ఫ్యాన్లకు కరెంటు కింద నుంచే వచ్చేది. ఇరుసు మీది పుల్లీ తిరిగితే బెల్టులు ఆల్టర్నేటర్‌ను తిప్పేవి. ఏసీ లేని పెట్టెకు నాలుగు బెల్టులు. వి ఆకారపు బెల్టు పుల్లీ గాడి అడుగున ఆనకూడదు, పక్కలను ఒరుసుకుని పట్టాలి. వదులైతే జారి నున్నబడుతుంది, బ్యాటరీ నిండదు. మరీ బిగిస్తే బేరింగ్ కాలుతుంది. కొత్త బెల్టు మొదటి ప్రయాణంలోనే సాగుతుంది కాబట్టి రైలు తిరిగి రాగానే మళ్లీ బిగించాలి.

బావమరిది పని ఇంకో లెక్క. బ్రేకు దిమ్మ అరిగేకొద్దీ స్లాక్ అడ్జస్టర్ తనంతట తానే ఖాళీని పూడుస్తుంది. చక్రం అరుగుదల మాత్రం దానికి పట్టదు. కొత్తలో 915 మిల్లీమీటర్లుండే చక్రం 825కి వచ్చేదాకా నడుస్తుంది. ఆ మధ్యలో పిన్నులు తీసి పక్క రంధ్రాల్లోకి మార్చాల్సింది మనిషే.

బావకు ఒక పట్టుదల ఉండేది. ఒక్క బెల్టు తెగినా నాలుగూ మార్చాల్సిందే. దాని వెనక ఒక తప్పు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే యార్డులో, రైలు కదిలే వేళ దగ్గరపడిందని తెగిన దాని చోట ఒక్క కొత్త బెల్టే వేశాడు. సాగిన మూడింటి మధ్య బరువంతా దాని మీదే పడింది. అర్ధరాత్రికి అది తెగి, మిగిలినవి జారిపోయాయి. బ్యాటరీ కాసేపు లాగి చేతులెత్తేసింది. పసిబిడ్డకు పాలు కలపడానికి ఒక తల్లి అగ్గిపుల్లలు గీస్తూ కూర్చుందని రైలుతో వెళ్లిన ఎలక్ట్రీషియన్ వచ్చి చెప్పాడు. ఎవరూ చనిపోలేదు, పెద్ద శిక్షా పడలేదు. అయినా బావ ఆ అగ్గిపుల్లలను మరిచిపోలేదు.

ఐసీఎఫ్ పెట్టెల తయారీ 2018లో ఆగిపోయింది. ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు డిస్కు బ్రేకులు. ఇరుసుకు బెల్టూ లేదు. చాలా రైళ్లలో పై తీగ కరెంటే ఇంజన్ ద్వారా లైట్లకు వస్తుంది. మంచి మార్పే, బావ కూడా కాదనడు.

రిటైరయ్యాక ఖరగ్‌పూర్‌లో ఆయన ఇంటి దగ్గర పిండిమర బెల్టు తెగింది. ఉన్నవి మూడు. ఒకటి వేస్తే చాలదా అని గొణిగాడు యజమాని. మిగతా రెండూ కొని తెచ్చేదాకా బావ పానా ముట్టలేదు.